నాలుగు వందల గజాల దూరం

పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని మన పెద్దవాళ్ళు చెబుతూ వచ్చారు. ఈ సామెత వినగానే పిల్లలు మొహం చిట్లిస్తారు. నీళ్ళతో సరిపెట్టుకోమంటే ఏ కుర్రకారుకి నచ్చుతుంది చెప్పండి! కానీ నిలబడ్డవాళ్ళకి పాలు దొరికి, పరుగెత్తినవాళ్ళకి నీళ్ళయినా దక్కని సందర్భం ఒకటి ఈమధ్య చరిత్రలోనే జరిగింది. అది రాజుల కథ కాదు, యుద్ధాల కథా కాదు. కంప్యూటర్ల కథ. ఆ మాట వినగానే పేజీ తిప్పెయ్యకండి. నేను ఆర్ట్స్ చదువుకున్నదాన్ని. నాకు అర్థమైందంటే మీకు అర్థం కాకపోదు. దీనికి పెద్ద లెక్కలేం రానక్కర్లేదు. పెళ్ళిలో రెండో బంతికోసం నిలబడ్డ అనుభవం ఉంటే చాలు.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో బర్క్‌లీ అనే ఊరుంది. అక్కడ కొండవాలు మీద లారెన్స్ బర్క్‌లీ లేబరేటరీ, దాని దిగువన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం. రెండూ పేరున్న సంస్థలే. రెండిటికీ మధ్య దూరం 400 గజాలు. మన ఊళ్ళల్లో అయితే ఆ మాత్రం దూరానికి చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళి చిటికెడు పసుపు అడిగి తెచ్చుకుంటాం. ఈ రెండు చోట్లా ఉన్న కంప్యూటర్లు తీగలమీద కబుర్లు పంపుకుంటూ ఉండేవి. మామూలుగా సెకనుకి 32,000 బిట్లు, అంటే 4,000 ఇంగ్లీషు అక్షరాలు వెళ్ళేవి. ఒక కాగితం అంత ఉత్తరం అరసెకనులో చేరేదన్నమాట.

1986 అక్టోబరులో ఆ వేగం ఉన్నట్టుండి పడిపోయింది. ఎంతకి పడిందంటే సెకనుకి 40 బిట్లకి. అంటే అయిదంటే అయిదు అక్షరాలు! అరసెకనులో చేరవలసిన కాగితం చేరడానికి ఆరేడు నిమిషాలు. ఆ కాగితాన్ని ఎవరైనా మడిచి జేబులో పెట్టుకుని, కొండ దిగి, ఇచ్చి, మంచినీళ్ళు తాగి తిరిగి వచ్చెయ్యచ్చు. తీగ తెగలేదు, యంత్రం చెడిపోలేదు, ఎవరూ కుట్ర చెయ్యలేదు. మరి ఏమైంది?

అది తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఇవాళ మనం ఇంటర్నెట్టు అంటున్నదానికి పూర్వరూపం ఆర్పానెట్ అనే వల. అమెరికా రక్షణశాఖ డబ్బుతో మొదలైంది. 1969 అక్టోబరు 29న లాస్ ఏంజిలిస్‌లోని విశ్వవిద్యాలయం నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకి మొట్టమొదటి కబురు పంపారు. ‘లాగిన్’ అనే మాట పంపబోయి, ఎల్, ఓ అని రెండక్షరాలు కొట్టేసరికి అవతలి యంత్రం కూలబడింది. శుభమా అని మొదలుపెట్టిన మాట సగంలో ఆగిపోయిందంటే మనవాళ్ళయితే ముహూర్తం మార్చేవాళ్ళే. వాళ్ళు యంత్రాన్ని సరిచేసి మళ్ళీ కొట్టారు.

ఈ వలలో ఉత్తరం మొత్తం ఒక్కసారిగా వెళ్ళదు. దాన్ని ముక్కలు చేసి పొట్లాలు కడతారు. పొట్లాన్నే వాళ్ళు పాకెట్ అంటారు. ఒక్కోదాని మీద చిరునామా, వరస నంబరు ఉంటాయి. దారిలో కూడలి కూడలికీ ఒక యంత్రం ఉండి, వచ్చిన పొట్లాన్ని చూసి పై కూడలికి తోస్తుంది. మధ్యలో ఒకటీ అరా పోవచ్చు, వెనకది ముందు రావచ్చు. పోయింది ఎవరు చూసుకోవాలి? 1974లో వింట్ సర్ఫ్, బాబ్ కాన్ అనే ఇద్దరు ఇంజనీర్లు దీనికో పద్ధతి రాశారు. దారిలోవాళ్ళని నమ్ముకోవద్దు, పంపినవాడూ పుచ్చుకున్నవాడూ వాళ్ళలో వాళ్ళు తేల్చుకోవాలి అన్నారు. అందుకున్నవాడు ‘ఫలానా నంబరు దాకా ముట్టాయి’ అని రసీదు పంపుతాడు. కొంతసేపు చూసినా రసీదు రాకపోతే పోయిందనుకుని పంపినవాడు మళ్ళీ పంపుతాడు. టి.సి.పి. అని దానికి పేరు. 1983 జనవరి 1న ఆర్పానెట్ యంత్రాలన్నీ ఆ పద్ధతికి మారాయి.

చూడ్డానికి ఎంత సబబుగా ఉంది! ఉత్తరానికి జవాబు రాకపోతే మనమూ మళ్ళీ రాయమూ? అయితే చిక్కంతా ఆ ‘మళ్ళీ’లోనే ఉంది.

కిరసనాయిలుకి క్యూలు కట్టిన రోజులు గుర్తున్నవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. ఒక తల్లి పెద్దకొడుకుని డబ్బా ఇచ్చి పంపింది. అరగంటైనా రాలేదు. వాడు ఎక్కడో ఆటల్లో పడ్డాడనుకుని రెండోవాడిని పంపింది. వాడూ రాలేదు. కూతుర్ని పంపింది. నిజానికి ముగ్గురూ క్యూలోనే ఉన్నారు. వీధిలో ప్రతి తల్లీ అదే చేస్తే ఏమవుతుంది? క్యూ మూడింతలవుతుంది. క్యూ పెరిగినకొద్దీ ఆలస్యం, ఆలస్యమైనకొద్దీ ఇంకో పిల్లవాడు. చివరికి దుకాణం ముందు ఇసక వేస్తే రాలనంత జనం, ఇంటికి చేరే కిరసనాయిలు మాత్రం చెంచాడు.

బర్క్‌లీలో జరిగింది సరిగ్గా ఇదే. కూడలిలో పొట్లాలు పోగుపడ్డాయి. రసీదులు ఆలస్యమయ్యాయి. పంపిన కంప్యూటర్లు పొట్లాలు పోయాయనుకుని అవే మళ్ళీ మళ్ళీ పంపాయి. తీగ నిండా రద్దీయే. అందులో చాలావరకు వెళ్ళినవే తిరిగి వెళుతున్నాయి. తప్పు ఎవరిదని చూస్తే ఎవరిదీ కాదు. ప్రతి ఒక్కరూ తమ పని శ్రద్ధగా చేసుకుంటున్నారు. అందరి శ్రద్ధా కలిసి అందరినీ ముంచింది.

ఇలా జరుగుతుందని ముందే చెప్పిన మనిషి ఒకరున్నారు. ఆయన పేరు జాన్ నేగుల్. ఫోర్డ్ ఏరోస్పేస్ సంస్థలో పనిచేసేవారు. రద్దీతో వల కుప్పకూలిపోగలదని ఆయన 1984 జనవరిలోనే రాశారు. ఇంకో దుబారా కూడా చూపించారు. ఎవరైనా మీటలు ఒక్కొక్కటే నొక్కుతుంటే ఒక్కో అక్షరం ఒక్కో పొట్లంగా వెళుతోంది. అక్షరం ఒకటి, దాని మీది చిరునామా వగైరా 40. అగ్గిపుల్ల పంపడానికి ట్రంకుపెట్టె కట్టినట్టు! దానికి ఆయన చెప్పిన ఉపాయం ఇల్లాళ్ళకి కొత్తది కాదు. ఉప్పుకోసం ఒకసారి, పప్పుకోసం ఒకసారి కుర్రాణ్ణి కొట్టుకి పంపం. వాడు మొదటిసారి వెళ్ళి తిరిగొచ్చేలోగా కావలసినవన్నీ చీటీ మీద రాసి ఉంచి, వచ్చాక ఒకేసారి పంపుతాం. నేగుల్ కంప్యూటర్లకి అదే నేర్పారు. మొదటి రసీదు వచ్చేదాకా చిల్లర సరుకంతా పోగుచేసి, ఆనక కలిపి పంపమన్నారు.

1986లో ముంచుకొచ్చిన ముప్పుకి ఆ చీటీ ఒక్కటే సరిపోలేదు. లేబరేటరీలో వాన్ జేకబ్సన్, విశ్వవిద్యాలయంలో మైక్ కారెల్స్ అని ఇద్దరు దీని వెనక పడ్డారు. కారెల్స్ అప్పట్లో బర్క్‌లీ యూనిక్స్ అనే వ్యవస్థను కనిపెట్టుకుని ఉండే బృందంలో మనిషి. పొట్లాలు ఎప్పుడు బయల్దేరుతున్నాయి, ఎప్పుడు చేరుతున్నాయి, ఎన్నోసారి వెళుతున్నాయి అని ఒక్కొక్కటే కూర్చుని చూశారు. వాళ్ళు తయారుచేసిన మందులో కొత్త తీగ లేదు, పెద్ద యంత్రం లేదు. పంపే కంప్యూటరు నడవడిక మారింది, అంతే.

మొదటి సంగతి, బంతి భోజనాల న్యాయం. ఒకరు లేస్తే తప్ప ఇంకొకరు కూర్చోకూడదు. ఒక పొట్లం అవతల దిగిందని తెలిస్తేనే ఇంకొకటి దారిలో పెట్టాలి. దిగిందని ఎలా తెలుస్తుంది? రసీదే చెబుతుంది. రసీదులు ఎంత వేగంగా వస్తుంటే అంత వేగంగా పంపితే చాలు. దారే గడియారం అయి కూర్చుంటుంది.

రెండోది, మొదలుపెట్టడం. అంతకుముందు కంప్యూటరు నోరు తెరవగానే ఉన్నదంతా ఒక్కసారి కుమ్మరించేది. ఇప్పుడు ముందు ఒక పొట్లం. రసీదు వస్తే రెండు. అవీ చేరితే నాలుగు, ఆపైన ఎనిమిది. దీనికి ‘నిదానపు మొదలు’ అని పేరు పెట్టారు గానీ, పదిసార్లు రెట్టింపైతే 1,024 అవుతుంది. సన్నమూతి సీసాలోకి గరాటుతో నూనె పోసేవాళ్ళం మనమూ ఇంతే కదా. మొదట సన్నటి ధార, దిగుతోందని చూసుకుని పెద్ద ధార, గరాటు నిండబోతోందంటే చెయ్యి వెనక్కి.

మూడోది ఓపిక. రసీదుకోసం ఎంతసేపు చూడాలి? పాత పద్ధతిలో సగటు చూసి, దానికి రెట్టింపు అంటూ ఒకటే లెక్క పెట్టుకునేవారు. జేకబ్సన్ వేరేగా ఆలోచించారు. మా పాలవాడు ఆరింటికి వస్తాడు. ఎండాకాలం నిమిషం అటూ ఇటూ అవదు. వానాకాలం అరగంట అయినా అవుతుంది. ఈ సంగతి ఎరిగిన ఇల్లాలు వాన రోజున ఆరూ అయిదుకే ఇంకో పాలవాడికోసం పిల్లాణ్ణి తరమదు. సగటుతో పాటు అటూ ఇటూ ఊగే ఊగు కూడా చూసుకోవాలన్నారు ఆయన. దాంతో బతికున్న పొట్లాన్ని చచ్చిపోయిందని ఏడవడం తగ్గింది.

నాలుగోది అన్నిటికన్నా పెద్దది. పొట్లం నిజంగానే పోయిందంటే దారిలో ఎక్కడో ఇరుకైందని అర్థం. అప్పుడు పంపేవాడు తన జోరు సగానికి తగ్గించుకోవాలి. ఆ తరవాత ఒక్కొక్కటే పెంచుకుంటూ పోవాలి. పోయిందని తెలిస్తే ఇంకా గట్టిగా తోయడం కాదు, వెనక్కి తగ్గాలి. నిలబడ్డవాళ్ళకి పాలు దొరికింది ఇక్కడే.

1988లో స్టాన్‌ఫర్డ్‌లో జరిగిన సభలో వాళ్ళు ఈ పత్రం చదివారు. ఆ ఏడాదే బర్క్‌లీ యూనిక్స్ కొత్త కూర్పులో ఈ మార్పులు చేరాయి. ఆ యూనిక్స్ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల వాడుకలో ఉండేది కాబట్టి మందు కూడా దాంతోపాటే ఊరూరా పాకింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తే ఒళ్ళు జలదరిస్తుంది. సగానికి తగ్గమని చట్టం లేదు. తగ్గనివాణ్ణి పట్టుకునే పోలీసు లేడు. అందరూ తగ్గినప్పుడు ఒక్కడు తగ్గకపోతే వాడికి లాభమే! అయినా వేలకొద్దీ, ఆపైన కోట్లకొద్దీ కంప్యూటర్లు ఎవరూ చూడని చోట ఈ మర్యాద పాటిస్తూ వచ్చాయి. పాటించినవాళ్ళు నష్టపోయారా? ఆ ప్రశ్నకి జవాబు చెప్పినవాళ్ళలో మన దేశం నుంచి వెళ్ళినవారు కూడా ఉన్నారు. రాజ్ జైన్, కె.కె. రామకృష్ణన్ ఇద్దరూ బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చదివినవారే. అమెరికాలో డిజిటల్ ఈక్విప్‌మెంట్ సంస్థలో ఉంటూ ఇదే సమస్య మీద పనిచేశారు. వాళ్ళ పత్రం కూడా 1988లో అదే సభలో వచ్చింది. మరుసటి ఏడాది చియూ అనే సహోద్యోగితో కలిసి జైన్ ఒక చక్కటి సంగతి నిరూపించారు.

పెరిగేటప్పుడు అందరూ సమంగా కొద్దికొద్దిగా పెరిగి, తగ్గేటప్పుడు ఎవరి వాటాలో వాళ్ళు సగం వదులుకుంటే ఏమవుతుంది? ఒకరి దగ్గర 60 ఉంది, ఇంకొకరి దగ్గర 20. తేడా 40. ఇరుకు వచ్చి ఇద్దరూ సగం వదులుకున్నారు. 30, 10. తేడా 20కి దిగింది. మళ్ళీ ఇద్దరూ చెరో పదీ పెరిగారు. 40, 20. తేడా 20 గానే ఉంది. మళ్ళీ సగం. 20, 10. తేడా పదే. ఇలా నాలుగైదుసార్లు అయ్యేసరికి ఎక్కువున్నవాడూ తక్కువున్నవాడూ దాదాపు సమానమై కూర్చుంటారు. ఎవరూ పంచిపెట్టలేదు, ఎవరూ లాక్కోలేదు. అన్నదమ్ముల పంపకాలు చూసినవాళ్ళెవరికైనా ఇది అద్భుతంగానే తోస్తుంది.

ఈ కథలో ఆడవాళ్ళు లేరా అంటారేమో. ఉన్నారు. శాలీ ఫ్లాయిడ్ అనే ఆవిడ 1950లో పుట్టింది. 1971లో బర్క్‌లీలో పట్టా పుచ్చుకుంది. ఇంజనీరింగులో అనుకున్నారా? సమాజశాస్త్రంలో! తరవాత ఆ ప్రాంతంలో లోకల్ రైళ్ళు నడిపే సంస్థలో కంప్యూటర్ల పని చేసింది. ముప్పై దాటాక మళ్ళీ కాలేజీ మెట్లెక్కి, 1989లో, నలభయ్యో పడి గుమ్మంలో, కంప్యూటరు శాస్త్రంలో డాక్టరేటు తీసుకుంది. పెళ్ళయిన అమ్మాయి మళ్ళీ చదువుతానంటే ‘ఈ వయసులోనా’ అనేవాళ్ళకి ఈవిడ పేరు వినిపించాలి.

1993లో ఆవిడా జేకబ్సనూ కలిసి కూడలి యంత్రాలకి ఒక బుద్ధి చెప్పారు. అప్పటిదాకా కూడలిలో ఉన్న గది పూర్తిగా నిండితే గానీ పొట్లాలు పారెయ్యడం మొదలుపెట్టేవి కావు. అప్పుడేమో అందరివీ ఒక్కసారే పోయేవి. అందరూ ఒక్కసారే తగ్గేవారు, మళ్ళీ ఒక్కసారే విజృంభించేవారు. గది నిండకముందే, వరస పెరుగుతున్నప్పుడే, అక్కడక్కడ ఒక పొట్లం తీసెయ్యమన్నారు వీళ్ళు. చీటీ వేసినట్టు ఏది దొరికితే అది. ఎక్కువ పొట్లాలు పంపేవాడికే చీటీ తగిలే అవకాశం ఎక్కువ కాబట్టి ముందు హెచ్చరిక వాడికే అందుతుంది. తరవాత 1999లో కెవిన్ ఫాల్ అనే ఆయనతో కలిసి ఫ్లాయిడ్ ఇంకో పత్రం రాసింది. మర్యాద పాటించని పొట్లాల ప్రవాహాలు పెరిగితే పాటించేవాళ్ళు నలిగిపోతారని, వల మళ్ళీ కూలుతుందని అందులో హెచ్చరించింది. సమాజశాస్త్రం చదివిన మనిషికి తట్టవలసిన మాటే అది. ఆవిడ 2019 ఆగస్టులో కన్నుమూసింది.

ఇంతవరకూ అతిగా పంపడం వల్ల వచ్చిన కష్టం. దీనికి సరిగ్గా ఎదురు కష్టం కూడా ఒకటి ఉంది. మరీ పిసినారితనంగా పంపడం.

పుచ్చుకునేవాడు తన దగ్గర ఎంత చోటుందో పంపేవాడికి ముందే చెబుతాడు. ఆ కొలతని ‘కిటికీ’ అన్నారు. రసీదు రాకుండా కిటికీ పట్టినంతకు మించి పంపకూడదు. ఈ కొలత రాయడానికి మొదట్లో కేటాయించిన గడిలో 65,535 కంటే పెద్ద అంకె పట్టదు. పొరుగింటికైతే అది చాలా ఎక్కువ. కానీ మన దేశం నుంచి అమెరికాకి కబురు వెళ్ళి రసీదు తిరిగి రావడానికి సుమారు పావుసెకను పడుతుందనుకోండి. పావుసెకనుకో 65,535 బైట్లు, అంటే సెకనుకి 2,62,140. వంద కోట్ల బైట్ల సినిమా ఒకటి తెచ్చుకోవడానికి గంటకు పైగా పడుతుంది. సముద్రంలో వేసిన తీగ వెయ్యి రెట్లు లావైనా సరే, అదే గంట! దూరపు చెరువు నుంచి చెంబుతో నీళ్ళు మోసి గాబు నింపినట్టు. చెరువు పెద్దదైతే ఏం, దారి వెడల్పైతే ఏం, చెంబు అదే కదా.

పొడుగాటి, లావుపాటి ఇలాంటి దారులకి ఇంజనీర్లు ఎల్.ఎఫ్.ఎన్. అని పేరుపెట్టి, దాన్ని ‘ఎలిఫెంట్’ అన్నట్టుగా పలకమని 1988లోనే సరదాగా రాశారు. ఏనుగుకి దోసిట్లో మేత పెడితే ఏం ఆనుతుంది! 1992లో కిటికీ కొలతని వంద కోట్ల బైట్ల దాకా పెంచుకునే ఉపాయం వచ్చింది. అయితే ఉపాయం ఉన్నంత మాత్రాన సరిపోదు కదా. సర్వర్లలో, అంటే సమాచారం నిలవ ఉంచి అడిగినవాళ్ళకి పంపే పెద్ద కంప్యూటర్లలో, ఆ అంకెలు ఎవరో ఒకరు దిద్దాలి. ఎంతకి దిద్దాలన్నది ఊహించుకుని వేసే లెక్క కాదు. దారి ఎంత వెడల్పు, కబురు వెళ్ళి రావడానికి ఎంతసేపు అని రెండూ కొలిచి గుణించాలి. సెకనుకి వంద కోట్ల బిట్లు పట్టే దారి, పావుసెకను ప్రయాణం అయితే 3 కోట్ల 12 లక్షల బైట్ల పైచిలుకు చెంబు కావాలి. అంతకంటే చిన్నదైతే దారి ఎండుతుంది. మరీ పెద్దదైతే దారి నిండి ఇతరులకి ఇరుకవుతుంది.

ఈ దిద్దుబాటు తెలిసినవాళ్ళు ఎందరు? పెద్ద పరిశోధనశాలల్లో గట్టి నిపుణుడున్న చోట సమాచారం ఏరులై పారేది. అదే తీగ మీద ఉన్న మామూలు కాలేజీలో చుక్కలు చుక్కలుగా కారేది. ఈ తేడాకి పిట్స్‌బర్గ్ సూపర్‌కంప్యూటింగ్ కేంద్రంలో పనిచేసిన మాట్ మాథిస్ ‘మంత్రగాడి అంతరం’ అని పేరు పెట్టారు. ఇంట్లో మంత్రగాడు ఉంటేనే దీపం వెలుగుతుందంటే అది ఏం దీపం? ఆయన, సహచరులు జంషిద్ మహ్దవి, జెఫ్రీ సెమ్కే 1998లో ఒక మార్గం చూపించారు. ఎంత చెంబు కావాలో కంప్యూటరే దారిని చూసి తనంతట తాను పెంచుకోవడం, తగ్గించుకోవడం. 2000 తరవాతి సంవత్సరాల్లో లినక్స్‌లో, 2007లో వచ్చిన విండోస్ విస్టాలో ఇలాంటి ఏర్పాటు చేరింది. ఇవాళ మనం ఏ అంకే ముట్టుకోకుండా సముద్రాల అవతలి మనవడి బొమ్మలు దించుకుంటున్నామంటే ఆ మంత్రగాడు కనిపించకుండా ఇంట్లోనే కూర్చున్నాడన్నమాట. నన్నడిగితే ఈ చరిత్రలో అందరికంటే గొప్ప పని ఇదే. తెలిసినవాడు తన విద్యని దాచుకోకుండా, తన అవసరమే లేకుండా చేసుకోవడం లోకంలో ఎంత అరుదు!

నిదానపు మొదలులోనూ దిద్దుబాట్లు జరిగాయి. ఒక పొట్లంతో మొదలుపెట్టమన్నది 1988 నాటి ఇరుకుదారులకి తగిన లెక్క. తీగలు బాగుపడ్డాక పేజీ తెరవడానికి ఇన్నిసార్లు వెళ్ళిరావడం దండగ అనిపించింది. మొదటి విడతలోనే 10 పొట్లాలు పంపవచ్చని 2010లో గూగుల్ నుంచి ఒక పత్రం వచ్చింది. అందులో మొదటి పేరు నందితా దుక్కిపాటి. ఆ ఇంటిపేరు చూసి తెలుగు చదువరి ఎవరైనా ఒక్క క్షణం ఆగుతారు. సర్వర్లలో ఈ ఒక్క అంకె మార్చి చూస్తే జవాబు సగటున నూటికి పదివంతుల ఆలస్యం తగ్గి అందిందని వాళ్ళు లెక్కలు చూపించారు. ఇతరులకి ఇబ్బంది అవుతుందా అన్నదీ పరీక్షించారు. చర్చలన్నీ అయ్యాక 2013లో అది అందరికీ సూచనగా ప్రకటించారు. మూడేళ్ళు పట్టిందేమని నవ్వకండి. అది తమ ఒక్కరి ఇంటి అంకె కాదు, ఊరందరి దారి సంగతి.

ఇంత జాగ్రత్త పడ్డా 2010లో ఇంకో తంటా బయటపడింది. జిమ్ గెటిస్ అనే ఇంజనీరు తన ఇంట్లో ఒక పెద్ద ఫైలు పంపుతుంటే మిగతా పనులన్నీ నత్తనడక నడవడం గమనించారు. సెకనులో వందోవంతు పట్టవలసిన కబురుకి సెకను దాటుతోంది. ఆయన వెతికి పట్టుకున్న కారణం మన ఆడవాళ్ళకి బాగా తెలిసినదే. జ్ఞాపకశక్తి చిప్పులు చవకైపోయాయి. పొట్లం ఒక్కటి కూడా పోకూడదన్న సదుద్దేశంతో యంత్రాలు చేసేవాళ్ళు కూడళ్ళలో బోలెడు నిలవచోటు పెట్టేశారు. పొట్లాలు పోవడం లేదు. అంచేత ఇరుకైందన్న కబురు పంపేవాడికి చేరడమే లేదు. వాడు నిశ్చింతగా పంపుతూనే ఉన్నాడు, వెనక వరస పెరుగుతూనే ఉంది.

అత్తవారింట్లో ఎన్ని కష్టాలున్నా పుట్టింటికి ‘అందరం క్షేమం’ అని మాత్రమే రాసే కూతుళ్ళని మనం చూడలేదూ? తల్లికి బాధ కలిగించకూడదన్న మంచి మనసే. కానీ ఆ తల్లికి నిజం తెలిసేసరికి చెయ్యి దాటిపోయి ఉంటుంది. ఆ కార్డులో ఒక్క ముక్క ముందే రాసి ఉంటే బండి కట్టుకుని వచ్చి ఉండేది. పోయిన పొట్లం కూడా అలాంటి ఉత్తరమే. వేళకి అందిన చెడ్డవార్త. దాన్ని ఆపేస్తే వల గుడ్డిదైపోతుంది. 2012లో కాథ్లీన్ నికల్స్ అనే ఆవిడ, మన పాత జేకబ్సన్ కలిసి దీనికి మందు చెప్పారు. వరస ఎంత పొడుగుందని చూడకు, అందులో నిలబడ్డవాడు ఎంతసేపటినుంచి నిలబడ్డాడో చూడు అన్నారు. ఆ నిరీక్షణ సెకనులో రెండువందలోవంతు దాటి అలాగే కొనసాగితే, మొహమాటపడకుండా ఒక పొట్లం తీసేసి కబురు అందనిమ్మన్నారు.

కథ ఇంకా ముగియలేదు. 2016లో గూగుల్ వాళ్ళు, మళ్ళీ జేకబ్సన్‌తో కలిసి, పొట్లం పోయేదాకా చూడకుండా దారి వెడల్పునీ పొడుగునీ ఎప్పటికప్పుడు కొలుచుకుంటూ పంపే పద్ధతి తెచ్చారు. వెనకబడ్డ దేశాల్లో యూట్యూబు చూసేవాళ్ళకి కబురు వెళ్ళి వచ్చే ఆలస్యం నూటికి ఎనభైవంతులకు పైగా తగ్గిందని వాళ్ళ లెక్క. అయితే కొన్ని చోట్ల ఈ కొత్తవాడు పాతపద్ధతి వాళ్ళని పక్కకి నెట్టి తన వాటాకి మించి తీసుకుంటున్నాడని పరిశీలించినవాళ్ళు పట్టుకున్నారు. దాంతో అది దిద్దుబాట్లలో పడింది. చూశారా, 1986 నాటి ప్రశ్నే వేషం మార్చుకుని మళ్ళీ వచ్చింది. నా సామాను తొందరగా చేరాలి, నిజమే. పక్కవాడి సామాను మాటేమిటి?

సర్వర్లను చూసుకునేవాళ్ళ చేతిలో ఆ అంకెలు ఇవాళ్టికీ ఉన్నాయి. ఎవరైనా తమ సర్వరు ఒక్కటీ ఎప్పటికీ వెనక్కి తగ్గకుండా తిప్పి పెట్టుకోవచ్చు. అడ్డుపడే చట్టం లేదు. నూటికి ఎందరో అలా చెయ్యకపోవడం వల్లే ఇంత పెద్ద వల నిలబడి ఉంది. సాయంత్రం మీ ఇంట్లో ఏదో పెద్ద ఫైలు గబగబా దిగుతూ ఉంటుంది. అంతలో పక్కగదిలో అమ్మాయి తన పాఠం తెరుస్తుంది. ఫైలు జోరు కొంచెం తగ్గుతుంది. అమ్మాయి పాఠం మొదలవుతుంది. ఇక్కడి నుంచి ఎన్ని వేల మైళ్ళ అవతలో ఉన్న యంత్రం ఒకటి, ఎవరూ అడక్కుండానే, పీట కాస్త జరుపుకుని ఆ పిల్లకి చోటిచ్చింది. విసుక్కోకండి.